నలభై రెండు నిమిషాల తేడా

ఫోను చేసిన డాక్టరు గారు చెప్పింది, "మా డ్రైవులు రెండూ పోయాయి, లోపలి మనిషి పనే" అని. బస్సు ఇంజను హోరులో డిటెక్టివ్ చెవికి చేరింది, "మా డ్రైవరు పోయాడు, లోపలి మనిషి పనే" అని. హత్య అనేసరికి ఆయనకి పూనకం వచ్చినంత పనయింది. వెంటనే బస్సు దిగి, ఇంటికి తిరిగెళ్ళి, రబ్బరు తొడుగులు, సుద్దముక్క, కొలత టేపు, ముక్కుకి కట్టుకునే గుడ్డ సంచిలో పడేసుకుని, తొమ్మిదీ ఇరవైకల్లా కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచేసే ఆ కేంద్రం గేటు ముందు నిలబడ్డాడు.

ఈయన్ని తెలిసినవాళ్ళంతా గడియారం అంటారు. అది పేరూ కాదు, ఇంటిపేరూ కాదు. ఎవరెదురైనా కుశలం అడిగే లోపలే "ఎన్ని గంటలకి?" అని అడగడం వల్ల అంటుకున్నది. గేటు తీసిన ఖాకీ చొక్కా మనిషినీ అలాగే పట్టుకున్నాడు.

"ఇక్కడి డ్రైవరుని ఆఖరిసారి చూసిందెవరు?"

"నేనేనండి."

"ఎన్ని గంటలకి?"

"ఏడింటికండి. గడ్డం గీసుకుంటూ అద్దంలో."

డిటెక్టివ్ సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. చచ్చిపోయాడనుకున్నవాడు బతికుండటం మామూలుగా సంతోషించాల్సిన విషయమే. కానీ బస్సు టికెట్టు రెండుసార్లు కొన్నవాడికి ఆ సంతోషం అంత తేలిగ్గా రాదు.

డైరెక్టరు గదిలో శవాలు రెండూ స్టీలు పళ్ళెంలో ఉన్నాయి. అగ్గిపెట్టె కన్నా కొంచెం వెడల్పు, బిస్కెట్టంత పలచన. కంప్యూటరు జ్ఞాపకాలన్నీ దాచుకునే ఎస్సెస్డీలు. తిరిగే చక్రం లేదు, కదిలే ముల్లు లేదు, చప్పుడు లేదు. ఘనమైన స్థితి అని వాటి ఇంగ్లీషు పేరుకి అర్థమట. పోవడం కూడా ఘనంగానే పోయాయి, ఒక్క మూలుగైనా లేకుండా.

ఎముకల డాక్టరయిన డైరెక్టరు గారు మూడు రోజుల గడ్డంతో, రెండు రాత్రుల నిద్రలేమితో కథ చెప్పారు. ఇక్కడికి వచ్చిన ప్రతి మనిషికీ మిగిలిన కాలి ఆకారాన్ని యంత్రంతో కొలిచి, ఆ కొలతకి సరిపడే తొడుగు తయారుచేస్తారు. పెద్దవాళ్ళకి రెండుమూడేళ్ళకోసారి, పిల్లలకి ఆర్నెల్లకోసారి తొడుగు మార్చాలి. అలా పదకొండు వేల మంది కొలతలు సర్వర్లో ఉన్నాయి. ఆ సర్వర్లో డ్రైవు మొన్న పొద్దున పదీ పదికి పోయింది. దాని నకలు దాచే బ్యాకప్ యంత్రంలో డ్రైవు పదీ యాభై రెండుకి పోయింది. పోవడమంటే చెరిగిపోవడం కాదు, అలాంటి వస్తువొకటి తగిలించి ఉందని కూడా యంత్రం గుర్తుపట్టడం లేదు. బయట హాల్లో పధ్నాలుగు మంది చంకకర్రలతో కూర్చుని ఉన్నారు. చేతులు తయారుచేసే సంస్థ చేతులెత్తేసి కూర్చుంది.

బల్ల మీద పోలీసులకి రాసిన ఫిర్యాదు టైపు చేసి సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి పంపిస్తారట. అందులో ఒకే ఒక్క పేరు, కంప్యూటర్లు చూసే ఆవిడది. కేంద్రంలో అందరూ సిస్టమక్క అంటారు. పంపాక ఆమె ఉద్యోగం ఎలాగూ ఉండదు, ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది కూడా ఆమె చేతుల్లో ఉండదు.

"ఆవిడే చేసిందని ఎవరు తేల్చారు?" అని డిటెక్టివ్ అడిగాడు.

"నేనే, బావా."

ఆ గొంతు వినగానే డిటెక్టివ్‌కి వెన్నులో చలి పుట్టలేదు, పళ్ళు మాత్రం పటపటలాడాయి. గది మూల కుర్చీలో ఎర్ర టై కట్టుకుని కూర్చున్నది ఆయన బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు. కంప్యూటరు భద్రత కంపెనీ నడుపుతున్నాడు. బావమరిది అనే మాటలోనే 'మరి ఇది?' అనే ప్రశ్న దాగి ఉందని డిటెక్టివ్‌కి పెళ్ళయిన దగ్గర్నుంచీ అనుమానం. ఎక్కడ ఏ పని పెట్టుకున్నా ఇది ఎదురొస్తుంది.

బావమరిది తన లెక్క చెప్పాడు. కొత్త రకం డ్రైవు ఒకటి ఉన్నట్టుండి పోవడం అరుదు. రెండు వేరు వేరు గదుల్లో, రెండు వేరు వేరు యంత్రాల్లో, నలభై రెండు నిమిషాల తేడాతో రెండు పోవడం కోటికొక్కసారి కూడా జరగదు. మొన్నటి దాకా రెండింటి ఆరోగ్యం నూటికి నూరని రిపోర్టులున్నాయి. కాబట్టి ఎవరో కరెంటు షాకు లాంటిదేదో పెట్టి చంపారు. తలుపులు కార్డు గీస్తేనే తెరుచుకుంటాయి, ఆ తలుపుల లెక్కలో సిస్టమక్క సర్వరు గదిలోకి పదీ ఎనిమిదికి, బ్యాకప్ గదిలోకి పదీ యాభైకి వెళ్ళినట్టుంది. ఆవిడ వెళ్ళిన రెండు నిమిషాలకి ఒకటి, మళ్ళీ వెళ్ళిన రెండు నిమిషాలకి ఇంకొకటి. పైగా ఏడాది క్రితం మీటింగులో అందరి ముందూ, ఏదో ఒకరోజు రెండూ ఒకేసారి పోతాయి, అప్పుడు నా మాట గుర్తొస్తుంది, అని అన్నది.

"గుర్తొచ్చింది కదా" అన్నాడు డిటెక్టివ్.

"బావా, ఇది నువ్వు పెన్సిలు చెవిలో పెట్టుకుని చేసే బాపతు కాదు. అక్కయ్యకి ఫోను చేసి చెప్పనా, నిన్ను భోజనం టైముకి పంపించేస్తానని?"

"మీ అక్కయ్యకి నేనే చెప్పుకుంటాలే. ముందు ఆ గదులు చూడాలి."

"సీలు వేశాను. ఆధారాలు చెడిపోతాయి."

సీను చూడనివ్వకుండా సీలు వేసినవాడితో డిటెక్టివ్‌కి పావుగంట పట్టింది. డాక్టరు గారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చివరికి ముట్టుకోకుండా చూడొచ్చని తీర్పిచ్చారు. మోకాళ్ళు తయారుచేసే చోట మోకాలడ్డేవాళ్ళకి కొదవ ఉండదని గొణుక్కుంటూ డిటెక్టివ్ వరండాలోకి నడిచాడు. అప్పటికి పదీ ఐదు.

సిస్టమక్క వరండా చివర బెంచీ మీద ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. నలభై అయిదేళ్ళుంటాయి. రెండు రోజులుగా ఆమెని ఏ గదిలోకీ రానివ్వడం లేదు, పగలు ఇంటికీ వెళ్ళనివ్వడం లేదు. పొద్దున వస్తుంది, ఆ బెంచీ మీద కూర్చుంటుంది, సాయంత్రం వెళ్తుంది. పక్కనుంచి వెళ్ళే వాళ్ళు తలుపు సందులోంచి గాలి వస్తే తప్పుకున్నట్టు తప్పుకుంటున్నారు.

డిటెక్టివ్ తన మామూలు ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆమె నిమిషాలతో సహా జవాబులు చెప్పింది. పదేళ్ళుగా రోజూ పదింటికి టీ తాగి, పదీ ఎనిమిదికి సర్వరు గదిలోకి వెళ్ళి ఫ్యాను జల్లెడ మీద దుమ్ము తుడవడం ఆమె అలవాటట. మొన్న గుడ్డ చేతిలో ఉండగానే స్క్రీను నల్లబడింది. మూడుసార్లు మళ్ళీ ఆన్ చేసింది, లేవలేదు. డాక్టరు గారి గది ముందు ఇరవై నిమిషాలు నిలబడింది, లోపల ఎవరో ఉన్నారు. చెప్పాక బ్యాకప్‌లోంచి తీద్దామని పదీ యాభైకి ఆ గదికి వెళ్ళింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పాస్‌వర్డు సగం కొట్టేసరికి అదీ పోయింది.

"నేను ముట్టుకున్నదల్లా చస్తోందనిపించింది సార్. మూడో యంత్రం దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది."

మీటింగులో అన్న మాట గురించి అడిగితే ఆమె దాచలేదు. మూడో నకలు ఒకటి ఈ భవనం బయట, తీగ తీసేసి, బీరువాలో పెట్టాలని నాలుగుసార్లు కాగితం రాసి ఇచ్చిందట. రెండున్నాయి కదా, మూడోది ఎందుకన్నారట. బ్యాకప్ అంటే వెనక కాచుకుని ఉండాల్సింది. ముందువాడు పడితే వాడి మీదే వెనకవాడూ పడితే దాన్ని బ్యాకప్ అనరు, వరసగా పడటం అంటారు, అని వివరించి చెప్పిందట. ఆ కాగితాల వెనక వైపు ఎవరో భోజనాల లెక్కలు వేసుకున్నారు.

"అంత కోపం ఉన్నప్పుడు..." అని డిటెక్టివ్ వదిలాడు.

సిస్టమక్క చీర కుచ్చిళ్ళు జానెడు పైకి లాగింది. ఎడమ కాలు చీలమండ దగ్గర లోహంలా మెరిసింది. "ఇది ఇక్కడే చేశారు. నా కొలత ఫైలు నంబరు రెండు వందల పదమూడు. అది కూడా అందులోనే ఉంది సార్. ఈ తొడుగు ఇప్పటికే వదులైంది, వచ్చే నెల మార్చాలి. నా కాలు నేనే ఎందుకు నరుక్కుంటాను?"

డిటెక్టివ్ చాలామంది కన్నీళ్ళు చూశాడు, వాటిలో సగం నమ్మలేదు. ఆమె ఏడవలేదు, అందుకని ఈసారి నమ్మబుద్ధేసింది. కానీ నమ్మకం పోలీసులకి చూపించే వస్తువు కాదు. సర్వరు గది చూపించమని లేచాడు.

సర్వరు గది చిన్నది, చల్లగా ఉంది. బావమరిది గుమ్మంలో చేతులు కట్టుకుని కాపలా నిలబడ్డాడు. డిటెక్టివ్ నేల మీద పొట్టపెట్టి పడుకుని, టార్చి లైటు వేసి, డ్రైవు బిగించిన అరని చూశాడు. తర్వాత పక్క గదిలో బ్యాకప్ యంత్రాన్నీ అలాగే చూశాడు. తీసి పళ్ళెంలో పెట్టేటప్పుడు బావమరిది ముందరి రెండు మరలే విప్పి, డ్రైవుని పక్కకి లాగేశాడు. వెనక రెండు మరలు అలాగే ఉన్నాయి. వాటి తలల గాళ్ళలో నాలుగేళ్ళ దుమ్ము మైనంలా పట్టి ఉంది. తీగల మీద కాలిన వాసన లేదు, నల్ల మచ్చ లేదు, కరెంటు పెట్టెలో ఒక్క ఫ్యూజూ పోలేదు.

"షాకు పెట్టాలంటే తీగ తగిలించాలిరా. దుమ్ము చెదరకుండా తీగెలా తగిలిస్తారు?"

"సాఫ్ట్‌వేరుతో చంపొచ్చు బావా."

"ఇందాక కరెంటన్నావు."

"ఏదో ఒకటి. ఆవిడ తప్ప లోపలికి ఎవరూ వెళ్ళలేదు, అది తేలింది కదా."

ఇదీ వీడితో గొడవ. దారి మారుస్తాడు, ఊరు మార్చడు. డిటెక్టివ్ బట్టలు దులుపుకుని లేచి గది నాలుగు మూలలూ వెతికాడు. పనికొచ్చేది ఏమీ లేదు. పదకొండయింది. ఒక గంట మిగిలింది, చేతిలో ఉన్నది గుప్పెడు దుమ్ము. హాల్లోంచి ఒక తండ్రి వచ్చి, మా అమ్మాయి వంతు ఎప్పుడండీ అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి అందరికీ చెప్పాల్సిన సమాధానం తనకే తెలిసినట్టు తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. డిటెక్టివ్‌కి గోడని గుద్దాలనిపించింది. పక్క గోడకి కృత్రిమ చేతులు వేలాడుతున్నాయి కాబట్టి ఆగాడు.

చివరి ప్రయత్నంగా మళ్ళీ బెంచీ దగ్గరికెళ్ళి, ఈ డ్రైవుల పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడైనా రాసి ఉన్నాయా అని అడిగాడు.

సిస్టమక్క సంచిలోంచి అట్ట చిరిగిన పొడుగాటి నోటుపుస్తకం తీసింది. రెండు రోజులుగా దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుందట, ఒక్కరూ అడగలేదట. ఏ యంత్రంలో ఏ ముక్క ఎప్పుడు బిగించిందీ తేదీ, గంట, నిమిషంతో సహా ఆమె గుండ్రటి అక్షరాల్లో ఉంది. నాలుగేళ్ళ ఆరు నెలల పైచిలుకు క్రితం ఒక సాయంత్రం, పని ముగిశాక: సర్వరులో కొత్త డ్రైవు, ఆరూ పదికి ఆన్. బ్యాకప్‌లో కొత్త డ్రైవు, ఆరూ యాభై రెండుకి ఆన్.

ఆరూ పది. ఆరూ యాభై రెండు. డిటెక్టివ్ పెన్సిలు చెవి మీంచి దిగింది.

"మధ్యలో ఎప్పుడైనా ఆపారా?"

"ఎప్పుడూ లేదు సార్." మొదటిసారి ఆమె గొంతులో కొంచెం గర్వం వినిపించింది. కరెంటు పోయినా బ్యాటరీలు, బ్యాటరీలు అయిపోయే లోపల జనరేటరు. తను ఉన్నన్నాళ్ళూ ఒక్క నిమిషం కూడా ఆ మూడూ కన్ను మూయలేదని చెప్పింది.

"మూడా?"

పెట్టెలో మూడు డ్రైవులు వచ్చాయట. మూడోది రెండు రోజుల తర్వాత, అచ్చుల గదిలో కాలిని కొలిచే యంత్రానికి వేసింది. ఆ సాయంత్రం ఏడూ ఇరవై అయిదుకి ఆన్ చేసినట్టు పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది.

డిటెక్టివ్ అప్పుడు అందరూ అడగాల్సిన ప్రశ్న అడిగాడు. కొలతలు మొట్టమొదట ఎక్కడ పుడతాయని. ఆ కొలిచే యంత్రంలోనే పుడతాయని ఆమె చెప్పింది. పుట్టాక సర్వరుకి వెళ్తాయి. మరి పుట్టినచోట తీసేస్తారా? తీయరు, అందులో చోటు బోలెడుంది. పదకొండు వేలూ ముడి రూపంలో అక్కడే ఉండాలి. ఈ మాట మొదటి రోజే టై కట్టుకున్న సారుకి చెప్పిందట. అది కంప్యూటరు కాదమ్మా, కొలత యంత్రం, అడిగినదానికే చెప్పు, అని ఆ గదికి కూడా సీలు వేసి, యంత్రాన్ని మాత్రం అలాగే ఆన్‌లో వదిలేశాడట.

డిటెక్టివ్ బెంచీ మీదే కూర్చుని, క్యాలెండరు ముందు పెట్టుకుని, ఫిర్యాదు నకలు కాగితం వెనక రోజులు లెక్కపెట్టాడు. లీపు సంవత్సరం ఒకటి మధ్యలో అడ్డమొచ్చి ఒకసారి చెరిపాడు. ఆ సాయంత్రం నుంచి మొన్న పొద్దున దాకా పదహారు వందల అరవై ఆరు రోజులు, పైన పదహారు గంటలు. రోజుకి ఇరవై నాలుగు చొప్పున ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై నాలుగు. దానికి పదహారు కలిపాడు.

నలభై వేలు. చివర నాలుగు సున్నాలు, నాలుగు గుడ్లు గుడ్లప్పగించి చూస్తున్నట్టు.

రెండోదానికీ వేశాడు. నలభై వేలు.

మూడోదానికి వేయడానికి పెన్సిలు పెట్టి, వేయక్కర్లేదని గ్రహించాడు. రెండు రోజులు ఆలస్యంగా, ఏడూ ఇరవై అయిదుకి మొదలైంది. అంటే ఈ రోజు పొద్దున పదకొండూ ఇరవై అయిదు.

గోడ గడియారంలో పదకొండూ పంతొమ్మిది.

ఆయన లేచి పరుగెత్తాడు. సిస్టమక్క వెనకాలే లోహపు పాదం టకటకలాడిస్తూ వచ్చింది. అచ్చుల గది ముందు బావమరిది కంపెనీ పసుపు టేపు ఇంటూ గుర్తులా అంటించి ఉంది. డిటెక్టివ్ దాన్ని పట్టుకుని ఊడలాగాడు. ఎక్కడినుంచి ఊడిపడ్డాడో గానీ బావమరిది గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ముట్టుకుంటే నీ మీద కూడా కేసు పెడతాను. బావవని చూడను."

"చూడొద్దు. తప్పుకో."

"డాక్టరు గారూ, మీ మనిషి ఆధారాలు చెరిపేస్తున్నాడు."

డాక్టరు గారు, ఇద్దరు గుమాస్తాలు, హాల్లోంచి చంకకర్రల మనుషులు కొందరు వచ్చి గుమిగూడారు. అందరికీ చెప్పాలంటే అయిదు నిమిషాలు పడుతుంది, ఉన్నవి నాలుగు. గంటలూ నిమిషాలూ అడిగే బతుకులో ఒక్క నిమిషం విలువ ఇలా తన మెడ మీదకి వస్తుందని డిటెక్టివ్ అనుకోలేదు. మాటలు మానేసి బావమరిది టై పట్టుకుని, పశువుని పక్కకి లాగినట్టు గోడ వైపు లాగి పట్టుకున్నాడు.

"అమ్మా, మీరు వెళ్ళండి. ఏ మీటా నొక్కొద్దు. గోడకున్న స్విచ్చి తీసేయండి."

సిస్టమక్క లోపలికెళ్ళింది. యంత్రం స్క్రీను వెలుగుతోంది. ఒక మూల ఆరోగ్యం నూటికి నూరు అని ఆకుపచ్చగా ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, నడిచిన గంటలు: 39,999. ఆమె చెయ్యి స్విచ్చి మీద ఆగింది. నాలుగున్నరేళ్ళు కంటికి రెప్పలా చూసుకుంటూ ఏది జరగకుండా కాపాడిందో, అదే తన చేత్తో చేయమంటున్నారు. అదీ అందరూ చూస్తుండగా, ఆమె ముట్టుకున్నదల్లా చస్తుందని అందరూ అనుకుంటుండగా.

"ఆపితే మళ్ళీ లేవకపోతే సార్?" అంది తిరక్కుండానే.

"ఆపకపోతే లేవదని నాకు తెలుసు. ఆపితే లేస్తుందో లేదో తెలీదు. తెలీనిదే మనకి మంచిది."

స్విచ్చి పడింది. ఫ్యాను మూలిగి ఆగింది. పదకొండూ ఇరవై మూడు.

అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మిగిలిన ఒక్కదాన్నీ చంపేసిందని ఒక గుమాస్తా అన్నాడు. డాక్టరు గారు ఫిర్యాదులో రెండో పేరు కూడా చేర్చమన్నారు. బావమరిది టై సర్దుకుంటూ అక్కయ్యకి ఫోను కలుపుతున్నాడు. డిటెక్టివ్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. శవం చుట్టూ గీద్దామని తెచ్చుకున్నది, తలుపు మీద లెక్క వేయడానికి పనికొచ్చింది.

ఈ ఎస్సెస్డీ లోపల దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుందనీ, అది పుట్టిన దగ్గర్నుంచీ తను నడిచిన గంటలు లెక్కపెట్టుకుంటుందనీ చెప్పాడు. తయారుచేసినవాడు ఆ ప్రోగ్రాంలో ఏదో తప్పు చేసి ఉండాలి. లెక్క నలభై వేలకి చేరగానే అది గుండె ఆగినట్టు ఆగిపోతోంది. తలుపు మీద మూడు తేదీలు వేసి, మూడు కూడికలు చేసి చూపించాడు. రెండు నలభై వేలు, ఒకటి రెండు నిమిషాలు తక్కువ నలభై వేలు. వీళ్ళు ఒకే పెట్టెలో వచ్చినవాటిని ఒకే సాయంత్రం సర్వరుకీ దాని కాపలాదారుకీ కూడా వేశారు. బావమరిది కోటికొక్కసారి అన్నది అపరిచితుల లెక్క. ఇవి కవలలు. సిస్టమక్క మొదటిది బిగించిన నలభై రెండు నిమిషాలకి రెండోది బిగించింది కాబట్టి, అవి నలభై రెండు నిమిషాల తేడాతో పోయాయి. ఆమె రోజూ పదీ ఎనిమిదికి దుమ్ము తుడుస్తుంది కాబట్టి, మొదటిది పోయినప్పుడు అక్కడుంది. మొదటిది పోయింది కాబట్టి, రెండోదాని దగ్గరికి వెళ్ళింది.

"మీరు హంతకురాలి కోసం వెతికారు. ఆవిడ చేసిన తప్పల్లా ఏమిటంటే, వాటిని ఒక్క పూటయినా పడుకోనివ్వలేదు. ఏదో ఒకదాన్ని ఒకరోజు ఆపి ఉంటే ఆ రెంటికీ మధ్య ఒకరోజు ఎడం వచ్చేది. అంత జాగ్రత్తగా చూసుకుంది కాబట్టే రెండూ కలిసి పోయాయి. అంత జాగ్రత్తగా రాసుకుంది కాబట్టే మూడోది మిగిలింది."

డాక్టరు గారు తలుపు మీది సుద్ద అంకెలు రెండుసార్లు మనసులో కూడుకున్నారు. తర్వాత సిస్టమక్క వైపు చూడబోయి, చూడలేక, ఆ నోటుపుస్తకం వైపు చూస్తూ, అమ్మా, ఆ మూడో నకలు కాగితాలు నాలుగూ మళ్ళీ ఒకసారి పంపండి, అన్నారు. అది క్షమాపణో కాదో ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకి అర్థమైనట్టుంది, కానీ పుచ్చుకున్నట్టు లేదు.

"మిగిలింది రెండు నిమిషాలే కదా. పదకొండు వేల కొలతలు రెండు నిమిషాల్లో బయటికి ఎలా తీస్తారు?" అని గుంపులోంచి ఆ అమ్మాయి తండ్రి అడిగాడు. పొద్దుట్నుంచీ ఆ భవనంలో ఎవరైనా అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అది.

జవాబు బావమరిది చెప్పాడు. ఇలాంటి తప్పులకి తయారుచేసినవాళ్ళు దిద్దిన ప్రోగ్రాం పంపుతారట. అది ఎక్కించడానికి నిమిషం చాలు. ఎక్కిస్తే లెక్క నలభై వేలు దాటినా ఏమీ కాదు. అది ఉందో లేదో చూడాలంటూ ఫోనులో పాత ఉత్తరాలు వెతుకుతుంటే వాడి వేలు ఒకచోట ఆగిపోయింది.

డిటెక్టివ్ ఫోను లాక్కుని చూశాడు. దిద్దిన ప్రోగ్రాం ఉంది. డ్రైవులు కొన్నవాళ్ళందరికీ దాన్ని వెంటనే అందజేయమని ఆ కంపెనీ మూడేళ్ళ క్రితం రాసిన ఉత్తరం అది. తెరవలేదన్న గుర్తు ఇప్పటికీ పక్కనే ఉంది.

"కొన్నవాళ్ళకి అందజేయమని నీకెందుకు రాశార్రా?"

సిస్టమక్క నోటుపుస్తకం వెనక అట్టలోంచి మడత పెట్టిన రసీదొకటి తీసి ఇచ్చింది. మూడు డ్రైవుల పెట్టె అందజేసినట్టు కింద సంతకం. మొదటి అక్షరానికి తోక, చివరి అక్షరానికి కొమ్ము. ఆ సంతకం డిటెక్టివ్ తన పెళ్ళి శుభలేఖల జాబితా మీద చూశాడు.

"అప్పట్లో అమ్మకాలు నేనే చూసేవాణ్ణి బావా. వందల పెట్టెలు అమ్మాను, ఇది గుర్తులేదు. నిజంగా గుర్తులేదు."

"ఆ వారం ఇంకెవరికి అమ్మావు?"

బావమరిది గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. తలుపు మీది తేదీ చూస్తే గుర్తొచ్చిందట, ఇక్కడ మూడోది బిగించిన మరుసటి రోజు, పెద్దాసుపత్రి రక్తనిధిలో తనే స్వయంగా బిగించాడట. ఏ సీసాలో ఏ గ్రూపు రక్తం ఉందో చెప్పే యంత్రానికొకటి, దాని బ్యాకప్‌కొకటి. ఒకే పెట్టెలోవి.

"అంటే రేపు. ఎన్ని గంటలకి?"

"తెలీదు బావా. నేను టైము ఎక్కడా రాసుకోలేదు."

సిస్టమక్క డిటెక్టివ్ చేతిలోంచి ఆ ఫోను తీసుకుని, ఆ ఉత్తరాన్ని తన నంబరుకి పంపుకుంది. తర్వాత ఖాకీ చొక్కా డ్రైవరుని పిలిచి బండి గేటు దగ్గర పెట్టమంది.